బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి: కాలేజీ సైన్స్ క్లబ్‌లో చేరేవాళ్లకు ఒక సీనియర్ అక్క మాటలు

మా డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో, డార్క్‌రూమ్ తలుపు పక్కన, ఒక ఆకుపచ్చ ఇనుప బీరువా ఉండేది. ఫస్టియర్ అంతా దాని ముందే నిలబడి టార్షనల్ పెండ్యులం డోలనాలు లెక్కపెట్టాను. అందులో టెలిస్కోప్ ఉందని తెలియడానికి నాకు ఏడు నెలలు పట్టింది. తమాషా ఏమిటంటే, ఆ ఏడు నెలలూ నేను ఆస్ట్రానమీ క్లబ్ మెంబర్‌నే.

2022లో దోస్త్‌లో (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటొచ్చి బీఎస్సీ ఎంపీసీలో చేరాను. మొదటి వారంలోనే సీనియర్లు కాగితాలు పట్టుకుని క్లాసుకొచ్చారు. ఆస్ట్రానమీ క్లబ్, ఎకో క్లబ్, మ్యాథ్స్ క్లబ్. మూడింట్లోనూ పేరు, ఫోన్ నంబరు రాశాను. దానికి ఫలితంగా మూడు వాట్సాప్ గ్రూపులు దక్కాయి. ఒకదాంట్లో పొద్దున్నే గులాబీ పువ్వుతో గుడ్‌మార్నింగ్, ఇంకోదాంట్లో స్కాలర్‌షిప్ చివరి తేదీలు, మూడోదాంట్లో ఏమీ లేదు. ఏడాది చివర రిపోర్టులో మాత్రం మూడు చోట్లా నా పేరుంది.

ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా ఊరి పిల్లలు డిగ్రీకి వెళ్లేటప్పుడు "అక్కా, ఏ క్లబ్‌లో చేరాలి?" అని అడుగుతుంటారు. ప్రతిసారీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసి పెడుతున్నాను.

ముందు ఫొటోలు చూడండి

క్లబ్ బతికే ఉందో లేదో పోస్టర్ చెప్పదు. కాలేజీ వెబ్‌సైట్‌లోకి వెళ్లండి. కాలేజీల నాణ్యత తనిఖీ చేసే న్యాక్ సంస్థ గుర్తింపు కోసం కాలేజీలు ప్రతి కార్యక్రమానికీ ఫొటోలు, హాజరు పట్టీలు దాచిపెట్టుకోవాలి. ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) అనో, వార్షిక నివేదిక అనో ఒక మూల ఉంటుంది. అందులో ఆ క్లబ్ పేరు వెతకండి. చివరి కార్యక్రమం ఎప్పుడు జరిగిందో చూసి, ఆ తర్వాత ఫొటోలు జాగ్రత్తగా గమనించండి. బ్యానరు, దాని ముందు వరసగా కుర్చీలు, శాలువా కప్పించుకుంటున్న అతిథి, ఇవే ఉంటే అది బ్యానర్ క్లబ్. పిల్లలు నేలమీద చతికిలబడి ఏదో వస్తువు చుట్టూ మూగి, కెమెరా వైపు చూడకుండా ఉన్న ఫొటో ఒక్కటి దొరికినా ఆ క్లబ్‌కు వెళ్లండి.

వెబ్‌సైట్‌లో ఏమీ దొరక్కపోతే ల్యాబ్ అటెండర్‌ని అడగండి. లెక్చరర్లకు బదిలీలవుతాయి, సీనియర్లు వెళ్లిపోతారు, అటెండర్ అన్న మాత్రం ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటాడు. ఏ బీరువాలో ఏముందో, చివరిసారి ఎప్పుడు తెరిచారో, ఏ సారుకు నిజంగా సరదా ఉందో ఆయనకు తెలిసినట్టు ప్రిన్సిపల్‌కు కూడా తెలియదు. నాకు టెలిస్కోప్ సంగతి చెప్పింది ఆయనే, అదీ మాటల మధ్యలో: "ఆ దుర్బిణి ఎవరూ తీస్తలేరమ్మా, బూజు పడుతది."

క్లబ్‌లో చేరిన రోజు ఏదంటే, పేరు రాసిన రోజు కన్నా ఆ మాట విన్న రోజే చెబుతాను.

అడగడం ఎలా

నేను మొదట ఇన్‌చార్జి సార్ దగ్గరికెళ్లి "సార్, నాకు సైన్స్ అంటే చాలా ఇష్టం" అన్నాను. ఆయన "మంచిది తల్లీ" అన్నారు. అంతే, అక్కడితో అయిపోయింది. ఇష్టం అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు! రెండోసారి ఒక చీటీ రాసుకుని వెళ్లాను. ఇంచుమించు ఇలా ఉంది:

"సార్, నేను ఫస్టియర్ ఎంపీసీ. మంగళ, గురువారాలు మూడున్నర తర్వాత ఖాళీ. టెలిస్కోప్ ఎప్పుడూ ముట్టుకోలేదు, నేర్చుకుంటాను. బీరువా శుభ్రం చేసి లోపల ఏమేం ఉన్నాయో జాబితా రాసిస్తాను. మీరు గానీ అటెండర్ అన్న గానీ ఉన్నప్పుడే తెరుస్తాం."

ఈ చీటీలో సారుకు పనికొచ్చేవి మూడున్నాయి: నేను ఏ రోజు దొరుకుతానో, ఏ పని చేస్తానో, వస్తువు పోతే తన మెడకు చుట్టుకోదన్న భరోసా. మూడోది చాలామంది మర్చిపోతారు. ప్రభుత్వ కాలేజీలో ప్రతి వస్తువూ స్టాక్ రిజిస్టర్‌లో ఎవరో ఒకరి పేరు మీద ఉంటుంది. పగిలితే ఆయన సమాధానం చెప్పుకోవాలి. బీరువాలు మూసి ఉండడానికి సగం కారణం ఈ భయమే, వాళ్లకు ఆసక్తి లేక కాదు. అందుకే మేం మొదటిరోజే ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొని గీతలు కొట్టాం. తీసిన వస్తువు, తేదీ, తీసినవాళ్ల సంతకం, తిరిగి పెట్టిన తేదీ. నాలుగు గడులే. ఆ నోటుబుక్కు చూశాకే సార్ తాళంచెవి మా చేతికిచ్చారు.

ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గకండి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. పేపర్ ప్రెజెంటేషన్ అంటే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి. కానీ మా క్లబ్ పక్క ఊరి హైస్కూల్‌కు వెళ్లినప్పుడు, గురుగ్రహం పక్కన కనబడే నాలుగు చుక్కలు దాని చందమామలనీ, రోజు రోజుకూ జాగాలు మారుతుంటాయనీ పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పగలిగింది నేనొక్కదాన్నే. ఇంగ్లిష్ మీడియం సీనియర్ "శాటిలైట్" అంటే వాళ్లు టీవీ డిష్ అనుకున్నారు. ఆ రోజు నుంచి బయటి కార్యక్రమాల్లో మాట్లాడే పని నాకే అప్పగించారు.

నేను చేసిన పాడు పని

మాది 114 మిల్లీమీటర్ల అద్దం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న చిన్న టెలిస్కోప్. ఐపీస్‌లు, అంటే కన్ను ఆనించి చూసే కటకాలు, రెండు: 25 మి.మీ. ఒకటి, 10 మి.మీ. ఒకటి. నాభ్యంతరాన్ని ఐపీస్ కొలతతో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో వస్తుంది: ఒకదానితో 36 రెట్లు, రెండోదానితో 90. శని వలయాలకు 36 రెట్లు కూడా చాలు.

గొట్టం అడుగున ఉన్న అద్దం మీద దుమ్ము పొరలా పేరుకుంది. ఇంట్లో బల్బు తుడిచినట్టు చున్నీ కొంగుతో గుండ్రంగా తుడిచేశాను. వెలుతురులో చూస్తే అద్దం నిండా సన్నని గీతలు. టెలిస్కోప్ అద్దానికి పూత పైనే ఉంటుంది, ముఖం చూసుకునే అద్దంలా గాజు వెనక ఉండదు. దుమ్ములో ఉన్న ఇసుక రేణువే ఉలి అయింది. కాస్త దుమ్ముంటే బొమ్మకు పెద్దగా నష్టం లేదట. తప్పనిసరైతే అద్దం విప్పి, నీళ్లు ధారగా పోసి, చివర డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నిలబెట్టి ఆరనివ్వాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. సార్‌తో చెప్పడానికి రెండు రోజులు భయపడ్డాను. చెప్పాక ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "రిజిస్టర్‌లో రాయి" అన్నారు. రాశాను. ఆ పేజీ ఇంకా ఉంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, క్లబ్‌లో మొదటి రెండు నెలలు మీకు దక్కేవి ఇలాంటి పనులే: తుడవడం, మోయడం, కుర్చీలు వేయడం, జాబితా రాయడం. వాటిని చిన్నచూపు చూసినవాళ్లు ఎవరూ మా దగ్గర నిలవలేదు. తుడిచే ముందు ఎలా తుడవాలో అడగండి, అంతే.

అమ్మాయిలకు, హాస్టల్ వాళ్లకు

మా హాస్టల్ గేటు ఆరున్నరకు మూసేవారు. ఆకాశం చూసే క్లబ్‌కు ఇంతకు మించిన చిక్కు ఏముంటుంది! సెకండియర్ డిసెంబర్‌లో జెమినిడ్స్ ఉల్కాపాతం చూద్దామని అర్జీ పెట్టాం. అది డిసెంబర్ 14 ప్రాంతంలో, అర్ధరాత్రి దాటాక బాగా కనబడుతుంది. కాబట్టి "రాత్రి 12 నుంచి 3 వరకు" అని నిజాయితీగా రాశాం. వార్డెన్ మేడమ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మా మొహాలు చూసి, మడిచి మాకే ఇచ్చేశారు.

అప్పుడు ఆలోచించాం. చలికాలంలో ఆరు లోపే పొద్దు గుంకుతుంది. 2023 డిసెంబర్‌లో ఏడింటికల్లా శని నైరుతి దిక్కున, గురుడు బాగా ఎత్తున ఉన్నారు. అర్ధరాత్రి దాకా ఎందుకు? కొత్త అర్జీ రాశాం: సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదింబావు, కాలేజీ డాబా మీద, బోటనీ మేడమ్ ఉంటారు, అమ్మాయిల పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఇవి, తిరిగి గేటు దాకా మేడమ్ తీసుకొస్తారు. మేడమ్ సంతకం ముందే పెట్టించాం. మేడమ్‌ను ఒప్పించడమే అసలు పని, మిగతాది కాగితమే. మరుసటి రోజే అనుమతి వచ్చింది. మొబైల్‌లో స్టెల్లేరియం యాప్ పెట్టుకుంటే ఏ తేదీన ఎన్నింటికి ఏ గ్రహం ఎక్కడుంటుందో ముందే తెలుస్తుంది. అది చూసి తేదీ వేసుకోండి.

ఇంట్లో వద్దంటే వాదన పెట్టుకోకుండా వాళ్లనే పిలవండి. మా నాయన వచ్చిండు. ఐపీస్‌కు కన్ను ఆనించి చాలాసేపు చూసి, నా చెవిలో "లోపల బొమ్మ అంటిచ్చిర్రా?" అన్నాడు. నేను ఏదో చెప్పబోతుంటే, "అయ్యో, పోతుంది, పోతుంది!" అని కేకేశాడు. భూమి తిరుగుతుంది కదా, శని మెల్లగా పక్కకు జరిగి కనబడకుండా పోయింది. అంటించిన బొమ్మ కదలదు కాబట్టి నాయనకు నమ్మకం కుదిరింది. తర్వాత ఊరికి వెళ్లి నాకన్నా ఎక్కువ ప్రచారం చేశాడు.

ఇంజినీరింగ్ వాళ్ల సంగతి వేరు

అక్కడ క్లబ్బులకు కొదవలేదు, ఎంచుకోవడమే కష్టం. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంఘం) స్టూడెంట్ బ్రాంచ్, ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంఘం) క్లబ్, రోబోటిక్స్, కోడింగ్. కొన్నింటికి ఏటా సభ్యత్వ రుసుం ఉంటుంది. డబ్బు కట్టేముందు, పోయిన ఏడాది కట్టినవాళ్లు దాంతో ఏం చేశారో ఇద్దర్ని అడగండి.

మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్ శివార్లలో మెకానికల్ చదివాడు. బాహా జట్టులో చేరాడు. గతుకుల్లో, బురదలో నడిచే ఒక్క సీటు బండిని విద్యార్థులే డిజైన్ చేసి తయారుచేసి పోటీకి తీసుకెళ్తారు. మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. వాడు స్టీరింగ్ డిజైన్ చేస్తాననుకుని వెళ్లాడు. మొదటి ఏడాదంతా రాణిగంజ్ షాపుల చుట్టూ తిరిగి పైపులకు, బేరింగ్‌లకు కొటేషన్లు తెచ్చాడు. మొదట్లో ఏడ్చాడు గానీ, ఏ బేరింగ్ ఎంత, ఏది నకిలీ, ఏ షాపువాడు అప్పు ఇస్తాడు అన్నది జట్టు మొత్తంలో వాడికే తెలుసు. మూడో ఏడు వాడు లేకుండా ఏ నిర్ణయమూ జరగలేదు.

ఒక హెచ్చరిక. స్పాన్సర్లు దొరక్కపోతే సభ్యులే తలా కొంత వేసుకోవాల్సి వస్తుంది. చేరేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. మా బాబాయి అప్పు తేవాల్సి వచ్చింది. సిగ్గుపడకుండా మొదటిరోజే అడగండి: "ఒక్కొక్కరికి ఎంత పడుతుంది? ఎప్పుడు కట్టాలి? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు?"

బీరువా లేదు, డబ్బు లేదు, క్లబ్ కూడా లేదు

ఇది ఎక్కువ కాలేజీల కథ. ఐదుగురు చాలు. సంతకం పెట్టే లెక్చరర్ ఒకరు కావాలి. ప్రిన్సిపల్‌కు రాసే అర్జీలో "క్లబ్ పెట్టుకుంటాం" అని ఊరుకోకండి, ఒక తేదీ, ఒక కార్యక్రమం పెట్టి రాయండి. కాలేజీ ఎలాగూ ఏదో ఒకటి చేయాల్సిన రోజులు కొన్ని ఉన్నాయి: ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం, అక్టోబర్ 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవం, ఫిబ్రవరి 28 సైన్స్ డే. ఆ రోజు ఏం చేయాలా అని ఆఫీసు తల పట్టుకుంటుంది. మీరు చేస్తామంటే కాదనరు. మా క్లబ్ మళ్లీ లేచి కూర్చుంది కూడా అలాగే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం చూపించడానికి సెమినార్ హాల్ అడిగాం. సాయంత్రం 6:04కు విక్రమ్ చంద్రుణ్ని తాకినప్పుడు హాల్లో కూర్చోడానికి చోటు లేదు. మర్నాడు ఇరవైమంది వచ్చి పేరు రాశారు, వాళ్లలో ఆరుగురు నిలిచారు. ఆరుగురంటే తక్కువేం కాదు.

పైసా ఖర్చు లేని పనుల్లో నాకు బాగా నచ్చింది నీడలేని రోజు. కర్కటరేఖకు దక్షిణాన ఉన్న మనకు ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌కు మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో, మధ్యాహ్నం పన్నెండు దాటాక పది, ఇరవై నిమిషాలకు. నిలువుగా పాతిన కర్రకు అప్పుడు నీడ ఉండదు. ఆగస్టులో మబ్బులు ముంచుతాయి, మేలో పరీక్షలు. అయినా 2024 మేలో నల్లగొండలో మా అత్తా వాళ్ల డాబా మీద నేను, ఆదిలాబాద్‌లో వాళ్లింటి దగ్గర మా రూమ్మేట్, ఇద్దరం మీటరు పొడవు పీవీసీ పైపు నిలబెట్టి ఫోన్లో మాట్లాడుకుంటూ కొలిచాం. నాకు నీడ లేదు. తనకు 5 సెంటీమీటర్లు. ఆ నీడ కోణం లెక్కగట్టి, 360 డిగ్రీలను దాంతో భాగించి, రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణంగా ఉన్న 290 కిలోమీటర్లతో గుణిస్తే భూమి చుట్టుకొలత దాదాపు 36,500 కిలోమీటర్లు వచ్చింది. అసలుది 40,000. తప్పెక్కడుందని రెండు రోజులు పోట్లాడుకున్నాం. నీడ నాలుగున్నర చిల్లర ఉండాల్సింది, తను 5 అని రాసేసింది. అర సెంటీమీటరు లోపు తేడాకు భూమి మూడున్నర వేల కిలోమీటర్లు చిక్కిపోయింది! దోషాల లెక్క ల్యాబ్ రికార్డులో మూడేళ్లు కాపీ కొట్టాను గానీ, అదేమిటో తెలిసింది ఆ డాబా మీదే.

జువాలజీ, బోటనీ వాళ్లకు ఫిబ్రవరిలో నాలుగు రోజుల పక్షుల లెక్కింపు ఉంది. కాలేజీ ఆవరణలో కనీసం 15 నిమిషాలు నడిచి, కనబడిన పిట్టలన్నీ ఈబర్డ్ యాప్‌లో నమోదు చేస్తే ప్రపంచవ్యాప్త లెక్కలో చేరుతుంది. కంప్యూటర్ ల్యాబ్ ఉంటే ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబొరేషన్ వాళ్ల గ్రహశకలాల వేట చూడండి. హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోప్ తీసిన చిత్రాలు జట్లకు పంపిస్తారు, వాటిలో కదిలే చుక్క కోసం వెతకాలి. అది ఉచితం. మధ్యలో ఎవరైనా ఫీజు అడిగితే దేనికని నిలదీయండి. చుక్క కనబడగానే "గ్రహశకలం కనిపెట్టిన విద్యార్థిని" అని పేపర్లో వేయించుకోకండి. మొదట వచ్చేది ప్రాథమిక గుర్తింపు మాత్రమే, ఖాయం కావడానికి ఏళ్లు పడుతుంది.

తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల వాళ్లకు జిజ్ఞాస స్టూడెంట్ ప్రాజెక్టులు ఎలాగూ ఉంటాయి. క్లబ్‌లో చేసే పనినే దానికి అంశంగా పెట్టుకుంటే ఒక దెబ్బకు రెండు పిట్టలు. కాలేజీలో ఎవరూ తోడు రాకపోతే బయట జన విజ్ఞాన వేదిక ఉంది. 1988 నుంచి సైన్స్ ప్రచారం చేస్తూ ఊరూరా తిరుగుతున్నవాళ్లు. మీ జిల్లాలో వాళ్ల కార్యకర్త ఎవరో ఒక బడిపంతులే అయ్యుంటాడు, అడిగితే దొరుకుతాడు.

ఎంత టైమ్ పెట్టాలి

వారానికి రెండు సాయంత్రాలు. అంతకుమించి వద్దు. సెకండియర్‌లో నేను క్లబ్ పిచ్చిలో పడి ఇంటర్నల్స్ రాయలేదు, కెమిస్ట్రీలో బ్యాక్‌లాగ్ పడింది. మూడు క్లబ్‌లలో పేరుంటే రెండింట్లోంచి తీసేయించుకోండి. గ్రూపులోంచి చెప్పకుండా జారుకోకుండా, సీనియర్‌కు ఒక్క మాట చెప్పండి: "అన్నా, ఈ సెమిస్టర్ కుదరదు, నా దగ్గరున్న సామాను ఫలానావాళ్లకు ఇచ్చాను." రెండు నెలలైనా మీ చేతికి ఏ పనీ రాకపోతే, ఆ క్లబ్‌లో పని లేదన్నమాట. వేరేది చూసుకోండి.

డిగ్రీ అయిపోయాక తాళంచెవి ఒక సెకండియర్ అమ్మాయికి అప్పగించి వచ్చాను. మొన్న ఫోన్ చేసింది. 25 మి.మీ. ఐపీస్ బీరువాలో లేదంట, శనివారం హైస్కూల్ కార్యక్రమం పెట్టుకున్నారంట, గొంతులో ఏడుపు. "రిజిస్టర్ తియ్యి, చివరి సంతకం ఎవరిదో చూడు, వాళ్లనే పట్టుకో" అన్నాను, పెద్ద సీనియర్‌లా. పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు.

"అక్కా... మీదే."

హాస్టల్ ట్రంకు పెట్టె అడుగున, పాత సాక్సులో చుట్టి ఉంది. శుక్రవారం రాత్రి బస్సుకు వెళ్తున్నాను.